దేవపాలు సారు వాంగ్మూలం

దేవపాలు జమ్మలమడుగు నుంచి నల్లగుట్టపల్లెకు రోజూ సైకిలు మీద వెళ్లి పాఠాలు చెప్పేవాడు. ఆ బడికి ఆయనొక్కడే పంతులు. ఊరు రెండు పార్టీలుగా చీలి పదేళ్లు దాటింది. బడిలో పిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే రెండు వైపులుగా కూర్చునేవాళ్లు. ఆయన ఆ ఊళ్లో ఎవరింట్లోనూ మంచినీళ్లయినా తాగేవాడు కాదు. ఇంటినుంచే సీసాలో తెచ్చుకునేవాడు.

ఎన్నికలైన రెండో నెల, ఒక సోమవారం పొద్దున వెనక చక్రంలో తుమ్మముల్లు దిగింది. క్రాసురోడ్డు దాకా సైకిలు తోసుకుంటూ వచ్చాడు. అక్కడ వేపచెట్టు కింద వలి బాషా పంక్చర్లు వేస్తాడు.

"శానాసేపు పడతాదా వలీ?"

"యాడ సారూ, ఐదు నిమిషాల పని," అంటూ వలి బాషా టైరు విప్పాడు.

అక్కడే ప్రొద్దుటూరు బస్సు కోసం ఓబులయ్య నిలబడి ఉన్నాడు. గొర్రెలు మేపే మనిషి. ఎన్నికల్లో ఒక పార్టీ తరఫున పోలింగ్ కేంద్రంలో ఏజెంటుగా కూర్చున్నాడు. వాళ్లమ్మాయి అంకమ్మ దేవపాలు దగ్గరే మూడో తరగతి చదువుతోంది.

"ఏంది సారూ, పంక్చరా? మా పాప ఎట్లా సదువుతాంది?"

"ఎక్కాలు తప్పు లేకుండా చెప్తాంది ఓబులయ్యా."

ఓబులయ్య నవ్వాడు. ఇంకేదో అడగబోతుండగా జీపు వచ్చి ఆగింది. దిగినవాళ్లు ఐదుగురు. వాళ్లలో ఇద్దరి పిల్లలు కూడా దేవపాలు బడిలోనే ఉన్నారు. ఒకడు ఈ వైపు తిరిగి, కోపమేమీ లేకుండా చెప్పాడు.

"సారూ, నీ సైకిలు నువ్వు చూసుకో. నీతో మాకేం పనిలేదు."

దేవపాలు నీళ్లతొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. వలి బాషా గాలి నింపిన ట్యూబును నీళ్లలో ముంచి పట్టుకున్నాడు. ఒకచోట సన్నగా బుడగలు వస్తున్నాయి. దేవపాలు వాటినే చూశాడు. బాంబు పేలింది. పొగ వచ్చింది. పరిగెత్తే అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"సారూ!" అని ఓబులయ్య పిలిచాడు. ఒక్కసారే.

దేవపాలు తల ఎత్తి చూశాడు. ఐదుగురినీ చూశాడు. ఎవరు ఎక్కడ నరికిందీ చూశాడు. మళ్లీ తల దించుకున్నాడు. తొట్టిలో నీళ్లు బయటికి చిందాయి.

జీపు వెళ్లిపోయింది. కాసేపటికి వలి బాషా ట్యూబు తుడిచాడు. ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ముక్క అతికించాడు. టైరు ఎక్కించి గాలి కొట్టాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"మీరు పోండి సారూ. బడికి టైమైతాంది."

దేవపాలు రోడ్డు పక్కకు దిగి, ఓబులయ్య పడి ఉన్న చోటు చుట్టూ సైకిలు తిప్పి తోసుకుపోయి, ఆ తర్వాత ఎక్కాడు. బడికి వెళ్లి హాజరు తీసుకున్నాడు. అంకమ్మ పేరు పిలిస్తే ఆ పిల్ల లేచి "ప్రెజెంట్ సార్" అంది. మూడో తరగతికి తీసివేతలు చెప్పాడు. పదకొండు గంటలప్పుడు ఆడవాళ్లు ఏడుస్తూ వచ్చి అంకమ్మను తీసుకుపోయారు.

మరుసటి రోజు స్టేషన్‌కు పిలిచారు.

"ట్యూబులో బుడగలు చూస్తున్నాను సార్. ఎవర్నీ గమనించలేదు," అన్నాడు.

"ఆ వలి బాషా కూడా నీళ్లల్లోనే చూస్తాన్నాడంట," అని ఎస్సై రాసుకున్నాడు. ఆయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. దేవపాలు చదివి చూసుకుని సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక భార్య సరోజమ్మ అడిగింది. "ఏం చెప్పినావు?"

"చూడలేదని."

"మంచిది," అని ఆమె అన్నం పెట్టింది. ఆయన తిన్నాడు. భయమో సిగ్గో ఏదో ఒకటి వస్తుందని చాలా రోజులు ఎదురుచూశాడు. ఏదీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లినట్టుండేది. ఆదివారం చర్చికి వెళ్లేవాడు. పాటలప్పుడు పెదవులు కదిపేవాడు. సోమవారం మళ్లీ అదే దారిన బడికి పోయేవాడు.

రెండేళ్లకు కోర్టులో కేసు కొట్టేశారు. చూసినవాళ్లు లేరన్నారు.

ఆ ఏడాది వేసవి సెలవులకు ముందు ఓబులయ్య భార్య చౌడమ్మ బడికొచ్చింది. అంకమ్మ ఐదో తరగతి పూర్తి చేసింది. ఆమె గడప దగ్గరే నిలబడింది.

"టీసీ కావల్ల సారూ. మా అన్న పులివెందుల కాడ చీనీకాయల తోటలో ఉంటాడు. ఆడికి పోతాండాం."

దేవపాలు కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"ఒకటి అడుగుతా సారూ. ఎవురికీ చెప్పను. కేసు కూడా అయిపాయె."

"అడుగమ్మా."

"మా ఆయన ఎవుర్నన్నా పిలిసినాడా?"

దేవపాలు కలం ఆగింది. వినలేదని చెప్పడానికి నోటిదాకా మాట వచ్చింది. రెండేళ్లుగా చెప్తున్న మాటే అది.

"నన్ను పిలిచినాడు," అన్నాడు. "సారూ అని. ఒక్కసారి."

చౌడమ్మ తల ఊపింది. ఆమె ఏడవలేదు.

"శానాసేపు బతికినాడా?"

"లేదమ్మా. శానాసేపు లేదు."

"నువ్వు సూస్తివి గదా?"

"చూసినాను."

ఆమె ఆయనను తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంటిపేరులో తప్పు రాయొద్దు సారూ, ఆడ బడిలోకి రానియ్యరు," అంది.

ఆయన ఇంటిపేరు మళ్లీ ఒకసారి చూసి, సీలు వేసి ఇచ్చాడు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. బయట ఎండలో నిలబడ్డ అంకమ్మ చెయ్యి పట్టుకుని బస్సు కోసం నడిచింది. దేవపాలు గుమ్మంలో నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు. లోపల నాలుగో తరగతి పిల్లలు గోల చేస్తున్నారు. ఆయన లోపలికి వెళ్లి, నిశ్శబ్దంగా ఉండమని చెప్పి, పుస్తకాలు తీయమన్నాడు.