ఓనరు కాగితంలో టెనెంటు

వెర్నాకి ఆ కాగితంలో ఒక్క మాటే కనబడింది. టెనెంట్. అదీ రెండు చోట్ల.

ముప్పై ఏళ్లలో పదకొండు అద్దె ఇళ్లు మారిన మనిషి ఆమె. ఆరు నెలలకోసారి ఏజెంటు వచ్చి, గోడకి కొట్టిన మేకుని కూడా ఫొటో తీసుకుపోయేవాడు. ఇప్పుడు కూతురు టెగన్ బస్సు నడిపి దాచుకున్నదంతా పెట్టి, నర్సుగా చేసే స్నేహితురాలు బ్రోన్విన్‌తో కలిసి జీలాంగ్ ఊళ్లో ఇల్లు కొంటుంటే, అందులోనూ అద్దెవాళ్లనే రాశారు. వెర్నా కాగితం మీద అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమేసింది.

"సంతకం పెట్టకు తల్లీ. నిన్ను మోసం చేస్తున్నారు."

బల్లకి అవతల కూర్చున్న, దస్తావేజులు రాసే ఆవిడ నవ్వలేదు. ఓనర్లు ఇద్దరైతే చట్టం వాళ్లని ఆ పాత మాటతోనే పిలుస్తుందనీ, దానికీ అద్దెకీ సంబంధం లేదనీ నిదానంగా చెప్పింది. పద్ధతులు రెండు, కాగితంలో ఒక్కోదానికి ఒక్కో గడి. మొదటిది జాయింటు: ఒకరు పోతే ఇల్లంతా రెండోవాళ్లది. రెండోదానిలో ఎవరి వాటా వాళ్లదే, వీలునామాలో ఎవరికి రాస్తే వాళ్లకి.

వెర్నాకి మొదటిదే నచ్చింది. జాయింటు అంటే కలిసుండటమేగా, అందులో భద్రత ఉంటుందంది. బ్రోన్విన్ కూడా తలూపింది.

"వద్దమ్మా," అంది టెగన్. "రోజూ హైవే మీద బస్సు తోలేదాన్ని. రేపు నాకేమన్నా అయితే నా వాటా నీకు రావాలి, దీనికి కాదు."

"థాంక్సే," అంది బ్రోన్విన్. "ఇంకా తాళాలు కూడా చేతికి రాలేదు, అప్పుడే నన్ను బయటికి గెంటేస్తోంది."

టెగన్ తోటివాళ్లలో చాలామందికి అమ్మానాన్నలు తమ ఇల్లు హామీ పెట్టి లోను ఇప్పించారు. హామీ పెట్టడానికి తనకి ఇల్లే లేదని వెర్నా ఎన్నాళ్లుగానో లోలోపల కుమిలిపోతోంది. ఆ పిల్ల మాత్రం ఏనాడూ ఆ ఊసెత్తలేదు. తనే స్నేహితురాల్ని వెతుక్కుంది, మూడో గది అద్దెకిస్తే వాయిదాలో కొంత తేలికవుతుందని లెక్క వేసుకుంది. ఇప్పుడు అమ్మకీ చోటు రాసి పెడుతోంది.

అయినా వెర్నా భయం అంత సులువుగా వదిలేది కాదు. బ్రోన్విన్ వాయిదా కట్టకపోతేనో అని అడిగింది.

"బ్యాంకు నన్నే మొత్తం అడుగుద్దమ్మా. అది తప్పదు. అందుకే మూడు నెలల వాయిదాలు ముందే పక్కన పెడుతున్నాం."

పెళ్లి చేసుకుని వెళ్లిపోతేనో? టెగన్ ఇద్దరి ఒప్పందం తీసి అయిదో పేజీ చూపించింది. వాటా అమ్మేవాళ్లు ముందు రెండోవాళ్లనే అడగాలి. ఇద్దరూ పోట్లాడుకుంటేనో? దానికీ ఓ పేరా ఉంది. రాత్రుళ్లు తాను పడుకుని ఊహించుకున్న కష్టాలన్నీ ఈ పిల్ల పగలు కూర్చుని వరసగా రాసి పెట్టింది.

వెర్నా ఇంకో భయం కోసం వెతికింది. కప్పు కారితేనో అనబోయి, పేజీ తిప్పితే అదీ దొరికేలా ఉందని ఊరుకుంది.

"రెండో గడిలోనే టిక్కు పెట్టు," అని కాగితం మీంచి చెయ్యి తీసింది.