మంటాల బండ దగ్గర వంతు

మంటా చేపలు ఒళ్లు శుభ్రం చేయించుకోవడానికొచ్చే మంటాల బండ దగ్గర, డైవింగ్‌కు వచ్చిన అతిథుల్ని నీళ్లలోకి దింపే ముందు పెర్సిలా రోజూ చెప్పేది ఒకటే. "రాళ్ల వరస దాటకండి. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చోండి. వేళ్లు సున్నా చుడితే బాగున్నామని. బొటనవేలు పైకెత్తితే అయిపోయింది, పైకి పోదామని." ఏళ్ల తరబడి చెప్పి చెప్పి, గట్టు మీద కూడా ఆమె చేతులకు నీటి భాషే అలవాటైపోయింది.

కొంప మునిగిందీ అందుకే. పడవ నడిపే హాబెల్‌ను ఓ రోజు ఇంజను హోరులో, "మన పెళ్లి మాట ఇంట్లో చెప్పేయనా?" అని అడిగింది. నోటినిండా వక్కతో ఏదో గొణిగి, బొటనవేలు పైకెత్తాడు మహానుభావుడు. 'అయిపోయింది, పోదాం' అన్నాడనే అనుకుంది ఆమె. ఆ తర్వాత అతను మాట కలపబోయినప్పుడల్లా "ముందు ఇంజను చూసుకో" అనేది. ఇప్పుడు సొరోంగ్ పట్నంలో హోటల్ ఉద్యోగం కుదుర్చుకుని, రేపటి ఓడకు పెట్టె కూడా సర్దేసింది.

"పోతే పో. ఆ కోపం మాత్రం బండ దగ్గరి చిన్న చేపలతో ఏరించుకుని పోవే," అంది వాళ్ల అమ్మమ్మ, సాగో జావ కలుపుతూ. "మీ తాత గురక వదిలించింది ఆ చేపలే కదా!"

"నాకేం పట్టలేదు, నెనె."

"పట్టకపోతే ఇష్టమైన జావ ముట్టవేం మరి?"

ఆ దీవిలో అందరూ అంతే. ఏదైనా పట్టుకుని వదలకపోతే, మంటాల వెనక వంతు కోసం కూర్చుంటారు.

ఆ పూట పెర్సిలా అతిథులతో దిగితే, పడవ ఇంకొకరికి అప్పగించి హాబెల్ కూడా దిగాడు. ఆమె పక్కన ఉండొచ్చని ఈమధ్యే డైవింగ్ మొదలుపెట్టాడు గానీ, పాఠం సగమే ఒంటబట్టింది.

తెరచాపలంత మంటా చేపలు ఒకదాని వెనక ఒకటి బండ మీదికి వచ్చి ఆగుతున్నాయి. వేలెడంత నీలం చేపలు వాటి మొప్పల్లో దూరి పురుగుల్ని ఏరి తింటున్నాయి. మంటాల వంతు అయ్యాక ఓ చిన్న చేప పెర్సిలా చెవిలోకి తొంగిచూసి, దేన్నో పట్టి లాగింది. బయటికొచ్చింది ఆనాటి ఇంజను హోరు. ఇన్నాళ్లూ అక్కడే ఇరుక్కుని ఉంది. చేప దాన్ని గుటుక్కున మింగి, కాసేపు గుడగుడలాడుతూ తిరిగింది.

హోరు పోయేసరికి, దాని కింద నలిగిపోయిన హాబెల్ మాట వినిపించింది. "ఇవాళే చెప్పు పిల్లా! మా అమ్మకు నేనెప్పుడో చెప్పేశా."

పెర్సిలాకు సిగ్గూ సంతోషం ఒక్కసారే ముంచుకొచ్చాయి. కళ్లద్దాల్లో కన్నీళ్లు నిండాయి. హాబెల్ వైపు తిరిగి వేళ్లు సున్నా చుట్టింది. ఇన్నాళ్లకు ఆమె తనవైపు చూసిందన్నదే అతనికి చాలు. పట్టలేని ఆనందంతో రెండు బొటనవేళ్లూ పైకెత్తాడు.

అయిపోయిందనుకుని అతిథులంతా బుడబుడమంటూ పైకి బయల్దేరారు.

పెర్సిలా తల కొట్టుకుంది. వాళ్ల వెనకే లేస్తూ, హాబెల్‌కు తనూ ఒక బొటనవేలు ఎత్తి చూపించింది, గట్టు భాషలో.