ఇరవై ఒక్క ఫారాలు

డ్యూక్‌గారి మంత్రులారా, మా అన్నను జైల్లో వేసింది మీరే. దొంగతనం చేశాడా? ఎవరి తలైనా పగలగొట్టాడా? లేదు. పుస్తకం అచ్చువేశాడు. అదీ మీ చట్టం చెప్పినట్టే వేశాడు!

ఆ చట్టం మన జర్మన్ రాజ్యాల్లో ఎవరికి తెలియదు? ఇరవై ఫారాలకు, అంటే మూడు వందల ఇరవై పేజీలకు లోపున్న ఏ రాతైనా ముందు సెన్సారు అధికారి చూడాలి. అది దాటితే అక్కర్లేదు. లావు పుస్తకం కొనగలిగినవాడు వీధికెక్కడని మీ ధీమా. ఆ నియమం రాసినవాళ్లలో మా ఊరి బారన్ ఫాన్ హోల్ట్‌సెన్ ఒకడు. జీవితమంతా పరాయి రాజుల కొలువుల్లో రాయబారిగా గడిపి వచ్చిన ముసలాయన. రాజ్యాంగం అనే మాట వింటేనే ముక్కు చిట్లిస్తాడు.

మా నేత పనివాళ్ల గోడు మొత్తం కలిపినా మూడు ఫారాలే వచ్చింది. అచ్చు పని చేసే మా అన్న లోరెంజ్ మిగతాదంతా వదిన వంటలతో, చర్చి కీర్తనలతో, గొడ్ల వైద్యంతో నింపేశాడు. ఇరవై ఒక్క ఫారాలు తేలింది. గుర్రాల జీనులు కుట్టే సూదితో నేనే కుట్టి అట్ట వేశాను.

పోలీసులొచ్చి, "ఇది పుస్తకం కాదు, మోసం" అని అన్నను పట్టుకుపోయారు. కోట నేలమాళిగ జైల్లో ఐదేళ్లు ఖాయమన్నారు. అన్నకు రొమ్ములో దగ్గు. ఆ నేలమాళిగలో ఒక్క చలికాలం చాలు.

"బారన్ దగ్గరికి పోదాం పద," అంది వదిన వాల్‌బుర్గా.

"ఆయనా? ఉరితాడు అడిగితే ఇస్తాడు వదినా."

"టోపీ పెట్టుకో. అక్కడ ఉపన్యాసం మొదలెట్టావంటే కాలు తొక్కుతా."

వెళ్లేసరికి బారన్ ముందు మా పుస్తకమే తెరిచి ఉంది.

"మొత్తం చదివాను," అన్నాడు. "నేత పనివాళ్ల భాగం విషం. జీలకర్ర లేకుండా పుల్లక్యాబేజీ వండమన్నారే, అది ఇంకా విషం."

"మా అమ్మ అట్లాగే వండేది, దొరగారూ," అంది వదిన.

"పాపం మీ నాన్న!"

నాకు ఒళ్లు మండింది. "మీ దయ అడుక్కోవడానికి రాలేదు..." అన్నానో లేదో, వదిన చెక్క చెప్పు నా కాలి మీద పడింది.

బారన్ కళ్లద్దాలు తీశాడు. "మీ రాతలంటే నాకు అసహ్యం, అబ్బాయ్. కాగితం మీద గీసుకుని రాజ్యం కట్టలేరు. అది తరాల అలవాట్లలోంచి పెరగాలి. అయితే మా నియమం ఎన్ని ఫారాలని అడిగింది గానీ, లోపల ఏముందని అడగలేదు. అలా రాసింది నేను. తప్పు నాది, మీ అన్నది కాదు."

"మరి వదిలేయమని చెప్పొచ్చు కదా?"

"చెబుతాను. నచ్చనివాడి కోసం ఇవాళ చట్టాన్ని మెలితిప్పితే, రేపు గుంపొచ్చి నా భూమి పత్రం చింపితే ఏమని అరవను? ఇచ్చిన మాటకు డ్యూక్‌గారైనా కట్టుబడాలి. పరాయి రాజులకు అదే చెప్పొచ్చాను. ఇంట్లో ఇంకో మాట చెప్పనా?"

మర్నాడు పాత రాయబారి కోటు తొడుక్కుని కోర్టు లోపలికి వెళ్లాడు. మమ్మల్ని రానివ్వలేదు. తలుపులు మూసి విచారించడం మీ పద్ధతి కదా! మంచు నీళ్లలో నానుతూ నిలబడ్డాం. లోపల ఏమన్నాడో మాకు ఇప్పటికీ తెలియదు.

తలుపు తెరుచుకుంది. అన్న తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ వచ్చాడు. వెనక కాపలావాడు కూడా లేడు.

వదిన పరుగెత్తి శాలువాతో అతన్ని నాలుగు బాది, అదే శాలువా కప్పింది. "ఎంత చిక్కిపోయావయ్యా!"

"జైలు గంజి తాగాను. ఇక నీ వంటను ఒక్క మాటంటే ఒట్టు," అన్నాడు దగ్గుతూనే.

నేను మెట్ల మీదే కూలబడి పిచ్చివాడిలా నవ్వాను. ఆ రాత్రి మా వీధి వీధంతా గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది.

ఆ ముసలాయనకు దండం పెడతాను. అందులో నాకు సిగ్గు లేదు. కానీ ఆ ఉదయం ఆయనకు జ్వరం వచ్చుంటే? ఆయన అంత మొండి నిజాయితీపరుడు కాకపోయుంటే? ఒక మనిషి ప్రాణం ఇంకో మనిషి గుణం మీద వేలాడకూడదు. కోర్టు తలుపులు తెరవండి. తీర్పు చెప్పడానికి న్యాయమూర్తి పక్కన మాలోంచి పన్నెండుమందిని కూర్చోబెట్టండి. అచ్చువేయడానికి ముందు ఎవరి అనుమతీ అక్కర్లేదని చట్టం చేయండి. ఈ వసంతంలో కూడే సభలోనే చేయండి!