నూట ముప్పయ్యారు

"ఇవాళెంత వచ్చింది సిస్టర్?"

నర్సు రిపోర్టు చూసి నవ్వింది. "సోడియం నూట ఇరవై తొమ్మిది. ఇలా రోజూ పొద్దున్నే వచ్చి అడిగే భార్యని నేనింతవరకూ చూడలేదు మేడమ్. సార్ అదృష్టవంతుడు."

ఆమె మంచం దగ్గరికొచ్చి భర్త మాసిన చొక్కాలు మడిచి సంచిలో పెట్టింది. అతని మాటలో ఇంకా తడబాటుంది. నూట ముప్పయ్యైదు దాటితే ఇక భయం లేదన్నాడు డాక్టరు. ఆ అంకె కోసమే ఆమె కాచుకుని కూర్చుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఐదు రోజుల కిందట జ్వరంలో అతని మాట తేడాగా వినిపించగానే కారు పిలిచి ఇక్కడికి తీసుకొచ్చింది. న్యుమోనియా. రక్తంలో సోడియం బాగా పడిపోయి నూట పద్దెనిమిదికి వచ్చింది. "న్యుమోనియాకి ఇది తోడైతే ప్రాణానికి ముప్పు ఎక్కువమ్మా. గబుక్కున పెంచినా మెదడు దెబ్బతింటుంది, మెల్లగా పెంచుతాం. ఆలస్యం చెయ్యకుండా తెచ్చి మంచిపని చేశారు," అన్నాడు డాక్టరు.

ఆ మధ్యాహ్నమే అతను ఆమె చెయ్యి పట్టుకుని, తల్లనుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మా, డాక్టరు సోమవారమే చేర్చమన్నాడని దానితో అనకు. బావగారూ వాళ్ళూ గురువారం వెళ్ళిపోతారుగా. అందాకా వంటకి మనిషెక్కడ దొరుకుతుంది? మాత్రలేసుకుని చేస్తుందిలే."

రెండేళ్ళ కిందటి మాట. ఆ సోమవారం ఇదే ఆస్పత్రిలో పరీక్ష గది బయట బల్లమీద ఆమె జ్వరంతో గోడకి తల ఆనించి కూర్చునుంటే, అతను లోపల్నించి వచ్చి "మామూలు జ్వరమేనట" అన్నాడు. నాలుగు రోజులు ఏడుగురికి వండింది. పొయ్యి దగ్గర దగ్గొస్తే "పక్కకి తిరిగి దగ్గవే, కూరలో పడుతుంది" అంది అత్తగారు. గురువారం సాయంత్రం చుట్టాల కారు వీధి మలుపు తిరిగాక ఆమె వంటింట్లోనే కూలిపోయింది. పదకొండు రోజులు ఐసీయూ. ఆర్నెల్లు మెట్లెక్కలేకపోతే లైబ్రరీ ఉద్యోగం ఊడింది. పైగా కనబడ్డవాళ్ళందరితోనూ అతను, "చివరిదాకా నోరు విప్పలేదండీ, ఒంటిమీద శ్రద్ధుంటే కదా" అనేవాడు. నిజమే కాబోలనుకుని, అందరికీ తనే క్షమాపణ చెప్పుకుంది. చెయ్యని తప్పుకి!

ఆ మాట విన్న క్షణంలో అతని చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు. అతను పోతే ఊరంతా అయ్యో అంటుంది, తనూ పక్కన కూర్చుని ఏడవాల్సొస్తుంది. కుదరదు. బతకాలి. బతికి, బాగా తెలివొచ్చి, వినాలి. అందుకే మందు ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వలేదు. మధ్యలో ఓసారి కింద రికార్డుల గదికి వెళ్ళి, తన పేరు చెప్పి పాత కేసు కాగితం నకలు తెచ్చుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున నర్సు తనంత తానే ఎదురొచ్చింది. "నూట ముప్పయ్యారు!"

సాయంత్రం నాలుగింటికి అత్తగారూ, ఆడపడుచూ, ఆడపడుచు భర్తా చూడ్డానికొచ్చారు. అతను దిండుకి చేరబడి కబుర్లు చెబుతున్నాడు. ఆమె కాగితం తీసి చదివింది. "సోమవారం. న్యుమోనియా. సోడియం తక్కువ. వెంటనే చేర్చవలెను. భర్తకు వివరించడమైనది. తరువాత తీసుకువస్తామన్నారు."

ఆ కాగితం ఆడపడుచు భర్త చేతిలో పెట్టింది. "మీకు వండిపెట్టడానికే నన్ను ఆపారన్నయ్యా. మీకు తెలియదులెండి. జ్వరంలో నన్ను అమ్మనుకుని ఈయనే చెప్పారు."

ఆయన కాగితం చూశాడు, బావమరిది మొహం చూశాడు.

"జబ్బుమనిషి ముందా ఈ గొడవ?" అంది అత్తగారు.

"జబ్బు తగ్గేదాకా ఆగానత్తయ్యా." మందుల చీటీ ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఇకనుంచి ఇవి మీరే చూసుకోవాలి. నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. లాయరుతో మాట్లాడటం కూడా అయింది."

అతను దిండు మీంచి లేవబోయాడు. "తెలివిలేనప్పుడు ఏదో వాగాను. అది పట్టుకుని కాపురం వదులుకుంటావా?"

ఆమె చెప్పులు తొడుక్కుంది.

"అన్నది తెలివిలేనప్పుడే. చేసింది మాత్రం తెలివుండే."