మెరక వేసిన ఇళ్లు

కొత్తమిట్టలో మూడు వీధుల ఇళ్లకు మెరక వేసింది సుభాని మేస్త్రీయే. నెల్లూరు ఊరు పలచబడి, కృష్ణపట్నం రోడ్డు పక్కన ఉప్పునేలలోకి దిగిపోయే చోట ఉంటుంది ఆ పేట. వాయుగుండం పట్టిందంటే నీళ్లు గడపలు దాటి లోపలికి వచ్చేవి. పదేళ్ల కిందటి పెద్ద వానలకు మంచాలు తేలాక, అందరూ వచ్చి ఆయన్నే అడిగారు. నేల ఎత్తు చేయాలి, సరే. మట్టి ఎక్కడిది?

పేట వెనకే మూతపడిన ఫ్యాక్టరీ ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించేవారు అందులో. యజమాని ఎటో వెళ్లిపోయాడు. గేటును కూడా ఎవరో ఊడబీక్కుపోయారు. నల్లటి బూడిద మాత్రం గుట్టగా మిగిలింది. సుభాని దాన్ని గుప్పిట్లోకి తీసుకుని చూశాడు. గరుకుగా, బరువుగా ఉంది. అన్ని వానలకూ కరగలేదు. దాని మీద గడ్డి మొలవలేదు. ఒక్క చీమ కూడా పుట్ట పెట్టలేదు. ముప్పై ఏళ్లుగా చెదపురుగుతో వేగిన మేస్త్రీకి అంతకన్నా మంచి సరుకు ఏముంటుంది? "చెద పట్టదు, నాది పూచీ" అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. ట్రాక్టరు పెట్టి తోలించాడు. తన ఇంటికీ వేసుకున్నాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ స్థలాన్ని శుభ్రం చేయిస్తున్నారు. చెడిన మట్టి తీసేసి, మంచి మట్టి పోసి, మార్కెట్టూ ఆసుపత్రీ కడతారట. పని చూసే ఇంజనీరు ఆనందకుమారి. హద్దురాళ్లు పాతడానికి ఆమె సుభానినే పెట్టుకుంది.

"ఈ రాళ్ల లోపలి మట్టే తీస్తారు, సుభాని గారూ" అంది రెండో రోజు. "రేపు సాయంత్రం మ్యాపు పంపేస్తాను. ఈ బూడిద బయటికి ఎవరైనా మోసుకెళ్లారా?"

"నాకు తెలవదు మేడమ్" అన్నాడు సుభాని. ఇంకొక రాయి నిలబెట్టాడు. కాసేపటికి అడిగాడు: "ఇది మనుషుల్ని ఏం చేస్తది?"

"పిల్లలకు చాలా చెడ్డది. ఎదుగుదల, చదువు దెబ్బతింటాయి. పెద్దవాళ్లకు రక్తపోటు, కిడ్నీలు. గడ్డి మొలవని మట్టిని చూడగానే అనుమానపడాలి."

సుభాని చేతిలోని తాపీ ఆగింది. ఆయన భార్య షాజాదీ బేగం కిడ్నీలు పాడై చనిపోయింది. పదిహేడు నెలలైంది.

"పోయినోళ్లకు దీనివల్లే వచ్చిందని ఇప్పుడు తెలుస్తదా?"

ఆమె ఆయన ముఖం చూసి, నెమ్మదిగా జవాబు చెప్పింది. "తెలియదండీ. వేరే కారణాలు కూడా ఉంటాయి."

ఆయన తలూపాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం ముత్యాలయ్య వచ్చాడు. ఎదురింట్లో ఉంటాడు, చేపల బేరం. వస్తూనే గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఏంది మేస్త్రీ, ఆ ఇంజనీరమ్మతో గుసగుసలు? ఈ వయసులో ఉద్యోగం పర్మనెంటు చేయించుకుంటా ఉండావా?"

"నీకు నవ్వులాటగా ఉండాది అన్నా."

"నవ్వులాట కాదబ్బా. వచ్చే నెల ఇళ్ల పట్టాలు ఇస్తారంట. ఇరవై ఏళ్లు తిరిగినాం. ఇప్పుడు మన ఇళ్ల కింద విషం ఉండాదని రాసుకుంటే ఎవరిస్తారు? నువ్వు నోరు మెదపబాకు. రాళ్లు పాతు, ఇంటికి రా. అంతే."

ఎదురుగా ముత్యాలయ్య కోడలు రోజా తన కూతురిని నేల మీద కూర్చోబెట్టుకుని ఎక్కం చెప్పిస్తోంది. పిల్లకు తొమ్మిదేళ్లు. మూడో ఎక్కం నాలుగో మెట్టు దగ్గర ఆగిపోతోంది. రోజా కోప్పడకుండా మళ్లీ మొదలుపెడుతోంది.

మర్నాడు పొద్దున్నే సుభాని పనికి వెళ్లలేదు. వంటింట్లో చాప చుట్టి పక్కన పెట్టాడు. దాని కింద ఎర్ర గచ్చు. ఆయన వేసిందే. తర్వాత పది రోజులు షాజాదీ రాయి పెట్టి రుద్ది, కొబ్బరినూనె రాసి, ముఖం కనిపించేంత నునుపు చేసింది. ఆమె పోయాక ఆయన అన్నం అక్కడే కూర్చుని తింటున్నాడు. దాని మీద ఒకసారి అరచేయి ఆనించాడు. లేచి గునపం అందుకున్నాడు. గచ్చు గట్టిది. ఎనిమిదో దెబ్బకు గానీ పగల్లేదు.

కబురు పంపితే ఆనందకుమారి వచ్చింది. గుంటలోకి వంగి, తుపాకీ లాంటి మీటరు ఆ నల్లటి బూడిదకు ఆనించింది. అంకె చూసి మీటరు తుడిచి, ఇంకోసారి ఆనించింది.

"ఫ్యాక్టరీ మధ్యలో సీసం ఎంత ఉందో ఇక్కడా అంతే ఉంది" అంది.

ఆ చప్పుళ్లకు ముత్యాలయ్య పరుగెత్తుకొచ్చాడు.

"నీ ఇల్లు నువ్వు పగలగొట్టుకో! మా కొంపలు ఎందుకు కూలుస్తావు? పెళ్లాం పోయినాక మతి పోయిందా?"

ఆ మాట అన్నాక ఆయనే కొంచెం తగ్గాడు. సుభాని గుంట ఒడ్డునే కూర్చుని ఉన్నాడు.

"చెద పట్టదని చెప్పింది నేనే అన్నా. తోలించింది నేనే. ఏ ఇంట్లో పోసినానో నాకొక్కడికే తెలుసు. ఈ సాయంత్రం మ్యాపు పోతే ఇంక ఎవరూ రారు."

"పట్టాలు?" అన్నాడు ముత్యాలయ్య ఇంజనీరు వైపు తిరిగి.

"ఆలస్యం కావచ్చు. కాదని నేను చెప్పలేను. కానీ మ్యాపులో ఉంటే ఈ నేల కూడా తీస్తారు."

ముత్యాలయ్య గుంటలోకి చూస్తూ నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఎంత లోతు పోసినావు?"

సుభాని చేత్తో లోతు చూపించాడు.

"అందరికంటే ఎక్కువ అన్నా. రోజమ్మ అప్పుడు నీళ్లు పోసుకొని ఉండె. పుట్టే బిడ్డకు చెమ్మ తగలకూడదని, నువ్వు అడగకపోయినా ఇంకో రెండు ట్రిప్పులు పోయించినాను."

ముత్యాలయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తిట్టలేదు. వీధిలోకి వెళ్లి తన ఇంటి వైపు కేకేశాడు.

"అమ్మాయ్ రోజా! బిడ్డను తీసుకొని బయటికి రా. పొయ్యి ఆర్పేసి రా."

తర్వాత వెనక్కి తిరిగాడు. "మేడమ్, సాయంత్రం లోపల ఇంకెన్ని ఇళ్లు చూడగలరు? ముందు మాది చూడండి."

సుభాని మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. వీధి దాటి, పదేళ్ల కిందట తాను ఎత్తు చేసిన ఆ గడప ముందు నిలబడి, లోపల ఏ మూల తవ్వాలో చూపించాడు.