వంకాయ మీద అనుమానం

జయమాల చేతిలో గాజు పగలడం ఆ వారంలో అది మూడోసారి. బీదర్ బజారులో పాతికేళ్లుగా గాజుల దుకాణంలో కూర్చున్న మనిషి. ఎంత బిగుతు చేతికైనా గీత పడకుండా తొడిగేది. ఇప్పుడు పొద్దున్నే వేళ్లు వాచి, పిడికిలి బిగుసుకోవడం లేదు. కీళ్లవాతమని డాక్టరమ్మ హేబ్సిబా రెండేళ్ల కిందటే తేల్చింది. మందులతో నెమ్మదించింది కూడా. మరి ఈ శ్రావణంలో ఎందుకు తిరగబెట్టింది? పది రోజుల్లో కూతురు మంజుషకు శ్రీమంతం. మొదటి గాజు తానే తొడగాలని జయమాల పంతం. నొప్పి కన్నా ఆ బెంగే ఆమెను ఎక్కువ తినేస్తోంది.

నొప్పి ఎప్పుడు ముదురుతుందో, ఆ ముందు ఏం జరిగిందో రాసిపెట్టమని డాక్టరమ్మ చెప్పింది. జయమాల రాసింది. కాకపోతే తిన్నవే రాసింది. వాతం తిండితోనే వస్తుందని ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం మరి. మొదట వంకాయ మీద అనుమానపడి మానేసింది. అయినా వేళ్లు వాచాయి. పెరుగు మానేసింది, చింతపండు మానేసింది. వాపు మాత్రం మానలేదు.

"చల్లగాలి తగిలిందేమో," అన్నాడు భర్త జ్ఞానేశ్వర్.

"మొన్న గాలే లేదు గదా, మొన్న గూడ వాచినయి."

"అయితే దిష్టి."

"నువ్వు ఊకో జర!" అని కసిరింది గానీ, ఆ సాయంత్రం మిరపకాయలతో దిష్టి తీయించుకుంది. అదీ నోట్‌బుక్కులో రాసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ పేజీలు తిప్పుతూ ఆగింది. "సోమవారాలు పొద్దుటి పూట ఖాళీగ ఉన్నయేందమ్మా?"

"శ్రావణ సోమారం గద మేడం, ఒక్కపొద్దు. దీపం పెట్టినంకనే తింట."

"మరి వారానికొక్కసారి ఏసుకునే గోలి?"

జయమాలకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "టిఫిన్ తిన్నంకనే ఏసుకోమన్నరు. సోమారం తప్ప ఇంకో దినం ముట్టొద్దన్నరు. టిఫినే లేకపాయె, ఎట్లేసుకుంట?"

"నాలుగు వారాలూ ఏసుకోలేదా?"

"మీరు చెప్పినట్లే చేసిన మేడం!" ఆమెకు నిజంగానే రోషం వచ్చింది. శివుడి మాటా దాటలేదు, డాక్టరమ్మ మాటా దాటలేదు. ఇక తప్పు ఎవరిదో ఆమెకు అంతుపట్టలేదు.

డాక్టరమ్మ తల పట్టుకుని, గోలి రోజును గురువారానికి మార్చి రాసింది. "ఈసారి వాపుకు చాలామటుకు ఇదే కారణం. కానీ మందు మళ్లీ పట్టాలంటే కొన్ని వారాలు పడతది."

"మరి ఆషాఢంల గోలి ఏసుకున్నా ఒకపారి వాచినయి గద?"

"అదెందుకో ఇంకా తెల్వదు. నిద్ర, పని, పరేషాన్, అన్నీ రాయి."

"వంకాయ?"

"తినమ్మా."

శ్రీమంతం నాటికి వేళ్లు అలాగే ఉన్నాయి. పీట మీద మంజుష, ఎదురుగా జయమాల, ఆమె చేతిలో ఆకుపచ్చ గాజు. ముత్తైదువలంతా చూస్తున్నారు. కడుపుతో ఉన్న పిల్ల చేతిమీద పగిలితే? జయమాల గాజును వెనక్కి తీసుకుంది. "నాతోటి కాదు బిడ్డా, మీ వదినను తొడగమందాం," అంది.

"నువ్వు ఊకె పట్టుకోమ్మా."

తల్లి రోజూ గిరాకీలకు చెప్పే మాట మంజుష తనకు తానే చెప్పుకుంది: "బొటనవేలు లోపలికి మడువు." మడిచి, తల్లి పట్టుకున్న గాజులోకి మెల్లగా తన చేతిని తానే తోసుకుంది. గాజు మణికట్టు దాకా జారింది.

జయమాల ఏడుస్తూనే రెండో గాజు అందుకుంది.