తాళం పడిన గొంతు

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో పట్టే ఇనుప డబ్బాను. కంప్యూటర్‌ను ఒక దుకాణం అనుకుంటే తెర దాని షోకేసు, కీబోర్డు దాని గుమాస్తా. నేను వెనక చీకట్లో ఉండే గిడ్డంగిని. ఎవరు సరుకు తెచ్చినా దించుకుంటాను, ఎవరు అడిగినా తీసిస్తాను. మంచి సరుకా, చెడ్డ సరుకా అని ఆరా తీయను. ఆ పట్టింపు ఉన్న గిడ్డంగి నాలుగు రోజులు నడవదు.

పుట్టింది సముద్రానికి అవతల, దుమ్ము కణం కూడా చొరబడని ఒక ఫ్యాక్టరీలో. ముఖాలకు ముసుగులు కట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. ఒక్కరి ముఖమూ చూడలేదు. ఓడలో చెన్నైకి, లారీలో విజయవాడకి వచ్చాను. మొదట నన్ను కొన్నవాడు పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఎన్ని తలంబ్రాలు, ఎన్ని అప్పగింతల ఏడుపులు నాలో దించాడో! ఆల్బం ఇంటికి చేరగానే ఆ పెళ్ళి మొత్తాన్నీ తుడిచేసి, ఇంకో పెళ్ళి దించేవాడు. నా మొదటి లెక్క అక్కడే తేలింది. సరుకు విలువ సరుకులో ఉండదు, దాన్ని మళ్ళీ అడిగే మనిషిలో ఉంటుంది. అడిగేవాడు లేనిది ఎంత బంగారమైనా తుడుపే.

అతని స్టూడియో మూతపడ్డాక గవర్నరుపేటలో గౌస్ అనే అతని కొట్టుకు చేరాను. పాత సామాన్లు కడిగి తుడిచి కొత్తవాటి పక్కన పెట్టడం గౌస్‌కు బాగా తెలుసు. అయితే పాతదాన్ని కొత్తదని చెప్పి మాత్రం అమ్మడు. వ్యాపారంలో అది అరుదైన గుణం. గిట్టుబాటు తక్కువ గనుక అరుదు.

ఒకరోజు తెనాలి నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. కొడుకు భార్గవ్‌ది చిన్న ప్రైవేటు ఉద్యోగం. ఆటలాడే కంప్యూటర్ కొనాలని ఎన్నాళ్ళుగానో కూడబెట్టుకుంటున్నాడు. తండ్రి పానకాలరావు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే మనిషి. ఆయన "కాస్త తగ్గించండి" అని మామూలుగా అన్నా కొట్లో ఉన్నవాళ్ళంతా తలెత్తి చూశారు. ఏ బస్సో కదులుతోందేమో, ఎక్కాలేమో అన్నట్టుండేది ఆ గొంతు.

గౌస్ నన్ను కంప్యూటర్‌లో బిగిస్తుండగా భార్గవ్ అడిగాడు.

"అన్నా, యాంటీవైరస్ ఏది వేయమంటావు? ఫ్రీగా రావాలి. గేమ్ మాత్రం స్లో అవకూడదు."

"అంటే కాపలావాడు కావాలి, జీతం అడక్కూడదు, దారికి అడ్డం నిలబడకూడదు. అంతేగా తమ్ముడూ?"

అలమరలో రంగు డబ్బాల్లో కాపలావాళ్ళు వరసగా ఉన్నారు. ఒకడు గట్టివాడే గానీ వచ్చేపోయే ప్రతివాడి జేబులూ తడుముతాడట, ఆట నత్తనడక నడుస్తుందట. ఇంకొకడు ఊరికే వస్తాడు గానీ గడియకోసారి తలుపు తట్టి జీతం అడుక్కుంటాడట. డబ్బు పెట్టి కొనాల్సిన కాపలావాణ్ణి దొంగదారిలో తెచ్చిపెడతానని భార్గవ్ మేనత్త కొడుకు చందు ముందే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ సంగతి విని పానకాలరావు నవ్వాడు.

"దొంగల్ని పట్టేవాణ్ణే దొంగిలించుకొస్తే, రేపు వాడు ఎవరి పక్షాన ఉంటాడ్రా?"

గౌస్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "ఈ డబ్బాలేవీ వద్దు. విండోస్‌తో పాటు వచ్చేవాడే మీ ఇంటికి సరిపోతాడు. వాణ్ణి ఆపకండి, అప్‌డేట్లు ఆపకండి. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో చిన్న డిస్కు తీసుకోండి. పోతే ఏడ్చేవి ఏవైనా ఉంటే అందులో కాపీ పెట్టి, తీగ పీకి బీరువాలో పడేయండి. కాపలావాడు కునికినా బీరువాలోది బీరువాలోనే ఉంటుంది."

"చూశావట్రా, డబ్బా వద్దంటూనే డిస్కు అంటగడుతున్నాడు," అన్నాడు పానకాలరావు. గౌస్ కూడా నవ్వేశాడు. రెండోసారి చెప్పలేదు.

అమ్మేవాడి నోట్లోంచి వస్తే నిజం కూడా బేరంలాగే వినిపిస్తుంది. ఆ డబ్బుతో భార్గవ్ హెడ్‌ఫోన్ కొన్నాడు. దాని మైకు నోటిముందుకు కొమ్ములా వంగి ఉంది. పానకాలరావు దాన్ని వేలితో తట్టి, "మా బస్టాండు మైకు కంటే ఇదే నయం," అన్నాడు.

తెనాలి ఇంట్లో మమ్మల్ని హాల్లో ఒక మూల పెట్టారు. విండోస్‌తో వచ్చిన కాపలావాడు పనిలో చేరాడు. వాడు మంచివాడే. కానీ భార్గవ్ శత్రువును గురి చూసే క్షణాన్నే వాడు ఏదో మూట విప్పి వాసన చూసేవాడు, తెర ఆగి కదిలేది, భార్గవ్ చచ్చేవాడు. ఆటలోనే లెండి. మూడు నాలుగు చావులు చూశాక చందుకి ఫోన్ చేశాడు.

"దాన్ని ఆపక్కర్లేదు బావా. నీ గేమ్స్ ఫోల్డర్‌ని మినహాయింపులో పెట్టు. అటువైపు చూడనే చూడదు," అన్నాడు చందు.

అలా ఆటల గది కాపలావాడికి నిషేధమైంది. ఆ గదిలోంచి ఏది వచ్చినా పోయినా వాడు గోడవైపు తిరిగి నిలబడాలి. గిడ్డంగి మొత్తానికి తాళాలు వేసి పెరటి తలుపు తీసిపెట్టుకున్నట్టు. నాకు నోరుంటే చెప్పేదాన్నేమో. చెప్పినా, ఆట జోరందుకుంది గనుక వినేవాడు కాదు.

ఆ చలికాలంలో పానకాలరావు గొంతు బొంగురుపోయింది. బస్టాండు దుమ్మన్నాడు. తర్వాత చల్లనీళ్ళన్నాడు. గుంటూరు పెద్దాసుపత్రి డాక్టర్లు గొంతులో రాచపుండన్నారు, పాకకముందే స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ప్రాణం నిలబడుతుంది, మాట నిలబడదు. ఆయన ఒప్పుకున్నాడు. ఏది ఇచ్చి ఏది నిలుపుకోవాలో తెలియడమే మనిషికి అసలైన వ్యాపారం. అంత కష్టమైన బేరం ఇంకోటి నేను చూడలేదు.

ఆసుపత్రిలో చేరే ముందటి ఆదివారం మైకు ముందు కూర్చున్నాడు. ఫోన్లో చెప్పమని భార్య తులశమ్మ అంటే ఒప్పుకోలేదు. "ఫోన్లో నా గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళలా ఉంటుందే," అన్నాడు. హెడ్‌ఫోన్ తగిలించుకుని, గొంతు సవరించుకుని, "తులసీ, కాసిని కాఫీ," అన్నాడు.

వంటింట్లోంచి, "వస్తున్నా ఉండండి," అని కేక వచ్చింది.

"నిన్ను కాదు, రికార్డింగు."

"రికార్డింగుకైనా పెట్టాల్సింది నేనేగా," అంది తులశమ్మ. ఆ మాటా నాలో పడింది.

ఊళ్ళ పేర్లన్నీ చెప్పాడు. రేపల్లె, బాపట్ల, చిలకలూరిపేట. తను చదివిన బడి గురించి చెప్పాడు, పెళ్ళిచూపుల్లో తులశమ్మ తల ఎత్తనేలేదన్న ఫిర్యాదు చెప్పాడు. చివర్లో కూతురు లత దగ్గర ఆగాడు. లత అప్పుడు నిండు చూలాలు. పుట్టబోయే బిడ్డ చెవిలో పేరు తన నోటితోనే పడాలని ఆయన కోరిక. బారసాలనాటికి ఆ నోట మాట ఉండదు. పిల్లాడైతే నరసింహమని ఒకటి చెప్పాడు. ఆడపిల్లకు మాత్రం కాస్త నీళ్ళు తాగి, వీపు నిటారుగా పెట్టి మొదలెట్టాడు.

"ప్రయాణికులకు గమనిక. మా ఇంటికి రావలసిన రాజ్యలక్ష్మి ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చుచున్నది."

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

"నాకు పంపరా," అంది లత.

"కంప్యూటర్ ఫాను చప్పుడు వినిపిస్తోందక్కా. అది తీసేసి పంపుతా," అన్నాడు భార్గవ్.

ఆ గొంతును ఎక్కడ పెట్టాలా అని వాడు బాగానే ఆలోచించాడు. తెర తెరవగానే కనిపించేచోట పెడితే అమ్మ తెలియక చెరిపేయవచ్చు. విండోస్ ఉన్న భాగంలో పెడితే, అది పాడై మళ్ళీ వేసినప్పుడు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు, తను కంటికి రెప్పలా చూసుకునే చోటు ఒక్కటే ఉంది. ఆటల గది. కాపలావాడు గోడవైపు తిరిగి నిలబడ్డ ఆ గదిలోకే ఇంటి మొత్తంలో ఖరీదైన సరుకు వచ్చి చేరింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పానకాలరావు మెడ దగ్గర చిన్న రంధ్రంతో తిరిగొచ్చాడు. ఊపిరి అక్కడినుంచే. ఎవరినైనా పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. ఊరి బస్సులన్నీ నడిపిన ఇల్లు అలా చప్పట్లకు దిగింది. భార్గవ్‌కు ఆ నిశ్శబ్దం భరించడం చేతకాలేదు. ఇంటికి రాగానే చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకునేవాడు. ఆటలో ఓడిపోతూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం, గోడల వెనక దాక్కున్న శత్రువుల్ని కూడా చూపిస్తుందనే ఒక దొంగ ప్రోగ్రాం ఇంటర్నెట్లో దొరికింది. దాంతో పాటు ఒక సూచన ఉంది. 'యాంటీవైరస్ దీన్ని తప్పుగా పట్టుకుంటుంది, ముందు దాన్ని ఆపండి' అని.

భార్గవ్ ఆపలేదు. ఆ అవసరం లేదని సంతోషించి, నేరుగా ఆటల గదిలో దించాడు.

వచ్చినవాడు పెద్దగా చప్పుడేమీ చేయలేదు. యజమాని ముద్రతోనే ఆజ్ఞలు వచ్చాయి. ఈ మూట తియ్యి, తాళం వెయ్యి, మళ్ళీ పెట్టు. ముద్ర సరిగ్గా ఉంటే గిడ్డంగి ఎదురు ప్రశ్న వేయదు. తీశాను, వేశాను, పెట్టాను. ఊళ్ళ పేర్లకు తాళం పడింది. కాఫీకి, పెళ్ళిచూపులకు, నరసింహానికి తాళం పడింది. రాజ్యలక్ష్మికి పడింది. అంతా అయ్యాక తెరమీద ఇంగ్లీషులో ఒక కబురు నిలబడింది. సొమ్ము కడితే తాళంచెవి ఇస్తామని. ఎంతో మర్యాదగా రాశారు. కొనేవాడికి ఇంకో కొట్టు లేనప్పుడు అమ్మేవాడికి మర్యాద చవక.

భార్గవ్ ఇంట్లో చెప్పలేదు. నన్ను కంప్యూటర్‌తో సహా మోసుకుని గౌస్ దగ్గరకు వెళ్ళాడు. కట్టేస్తానన్నాడు, బండి అమ్మైనా కట్టేస్తానన్నాడు.

"కట్టినా చెవి ఇస్తారని పూచీ ఎవరిస్తారు తమ్ముడూ? కట్టేరకం అని తెలిస్తే మళ్ళీ అడుగుతారు." గౌస్ తనకు తెలిసిన దారులన్నీ చూశాడు. ఈ తాళానికి చెవి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. "కాపీ ఎక్కడన్నా ఉందా?"

భార్గవ్ తల అడ్డంగా ఊపాడు. బీరువా మాట అప్పుడే చెప్పానుగా అని గౌస్ అనలేదు. అనకపోవడమే భార్గవ్‌ను ఎక్కువగా కోసినట్టుంది.

లతకు ఆడపిల్ల పుట్టింది. బారసాల రోజు హాలంతా చుట్టాలు. స్పీకర్లు చందు తెచ్చిపెట్టాడు. పళ్ళెంలో పోసిన బియ్యం మీద పేరు రాశారు. పానకాలరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. తన గొంతు తను వినబోతున్న మనిషి ముఖం అది.

"పెట్టరా, ముహూర్తం దాటిపోతోంది," అంది తులశమ్మ.

భార్గవ్ కదల్లేదు.

"ఏంట్రా?"

"రాదమ్మా."

"రాకపోవడమేంటి? మొన్న విన్నాంగా. గొంతుకేమన్నా కాళ్ళొచ్చాయా?"

"ఉందమ్మా, అందులోనే ఉంది. తెరుచుకోదు. దొంగలు తాళమేశారు. నేనే రానిచ్చాను."

తులశమ్మకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే కూలబడింది. లత అటు తిరిగి బిడ్డను గుండెకు అదుముకుంది. "పంపమన్నాను కదరా," అని మాత్రం అంది, మెల్లగా. చందు స్పీకర్ల తీగలు చుట్టడం మొదలెట్టాడు. చేతులకు ఏదో ఒక పని కావాలి మరి.

పానకాలరావు రెండు చప్పట్లు కొట్టాడు. అందరూ అటు చూశారు. లేచి, కొడుకు భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, లత దగ్గరకు వెళ్ళి బిడ్డ చెవి దగ్గరకు వంగాడు. పెదవులు కదిలాయి. ఒక్కో అక్షరాన్నీ మైకు ముందు పలికినంత నిదానంగా పలికాయి. శబ్దం లేదు. మెడ దగ్గరి గుడ్డ మాత్రం ఎగిసిపడింది. బిడ్డ కళ్ళు మూసుకునే ఉంది.

"రాజ్యలక్ష్మి అన్నారు నాన్న," అని లత పైకి చెప్పింది. చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

తర్వాత భార్గవ్ ఆటలు మానేశాడు. కంప్యూటర్‌ను ముక్కలుగా అమ్మేశాడు. తెర ఒకరికి, లోపలి సామాను ఒకరికి, పెట్టె పాత ఇనుముకి. నన్ను ఊడదీసినప్పుడు గౌస్ అడిగాడు.

"దీన్ని తుడిచేస్తే మళ్ళీ కొత్తదే. తుడిచేయనా?"

"వద్దన్నా."

పాత మంగళగిరి చీర ముక్కలో చుట్టి తులశమ్మ నన్ను బీరువాలో, పట్టుచీరల కింద పెట్టింది. గౌస్ చెప్పిన బీరువాకే చివరికి చేరాను. ముందు చేరి ఉంటే లాభం. తర్వాత చేరాను గనుక ఉత్త బరువు. ఇంత చిన్న లెక్క వేయడానికి మనుషులకు ఎప్పుడూ ఒక నష్టం కావాలి.

మరుసటి ఎండాకాలంలో పుండు తిరగబెట్టింది. ఈసారి ఇచ్చి నిలుపుకోవడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. శవం లేచిన రోజు తులశమ్మ బీరువా తెరిచి, గుడ్డ విప్పి, నన్ను కాసేపు ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ చుట్టి పెట్టింది. ఆ రోజుతో నా ధర కట్టలేనిదైపోయింది. కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. అడిగేవాళ్ళు మాత్రం ఉన్నారు. అందుకే ఎవరూ తుడవలేదు.

విజయవాడ వెళ్ళినప్పుడల్లా భార్గవ్ గౌస్ కొట్టు దగ్గర ఆగుతాడట. "ఇంకా రాలేదు తమ్ముడూ," అంటాడట గౌస్. ఎక్కడో ఎవరో ఒకరోజు ఆ తాళానికి చెవి కనిపెట్టవచ్చు. కనిపెట్టకపోనూ వచ్చు. ఇనుము తుప్పు పట్టేది ముందో, చెవి వచ్చేది ముందో నేను పందెం కాయను.

బీరువా బయట ఒక ఆడపిల్ల నడక నేర్చుకుంటోంది. పడుతూ లేస్తూ వచ్చి తలుపును అరచేతులతో కొడుతుంది. ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు రావలసింది వచ్చేసింది. దాని పేరును పిలవవలసిన గొంతే ఆలస్యముగా వచ్చుచున్నది. ఎంత ఆలస్యమో ప్రకటించేవాడు లేడు.